ముసురులో పొత్తిగుడ్డలు

"నీ గుడ్డలకో దండం, నీకో దండం. చూడు పిల్ల పిర్రలు, మోదుగుపువ్వు లెక్క అయినయ్. రేపు పొద్దుగాల లక్సెట్టిపేట తీస్కపోయి మా అత్తమ్మ దగ్గర దింపుత. అటునుంచి అటే కరీంనగర్ పోత."

"గుడ్డలేం జేసినయే? నువ్వు గూడ గవే గుడ్డల పెరిగినవ్. నిన్న పొద్దంత గా డైపర్ కట్టి కొండగట్టు మీద తిప్పినవ్. గప్పుడు ఒరుసుకపోయింది."

"నిన్న మంచిగనే ఉండె గదా! పొద్దుగాల నువ్వు గుడ్డ కట్టినంకనే మొదలువెట్టింది."

"ఏడిస్తే గుడ్డకేనా? కడుపునొప్పి గావచ్చు. నీ పాలు గావచ్చు. నిన్న ఎంతమంది ఎత్తుకున్నరు, దిష్టి గావచ్చు."

"అన్ని గావచ్చు. నీ గుడ్డ ఒక్కటి గాదు."

ఆదివారం పొద్దున వంటింటి గడప దగ్గర నాకూ నా బిడ్డకూ నడిచిన మాటలివి. పిల్ల మా ఇద్దరి మధ్య చాప మీద పడుకుని, ఎవరి పక్షమూ పట్టకుండా ఏడుస్తోంది. బయట ముసురు. మా ఆయన అరుగు మీద కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నాడు. ముందురోజు సాయంత్రం నుంచి ఆయనకు తుమ్ములు.

నా బిడ్డ కరీంనగర్‌లో ఒక పెద్ద బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది. అల్లుడు మస్కట్‌లో ఉంటాడు. కాన్పుకు మా ఊరు వచ్చిన బిడ్డ, పిల్లకు ఐదో నెల వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంది. ఇంకా రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని దుకాణం వాళ్ళు కబురు చేశారు. సోమవారం పనిలో చేరాలి. పిల్లకు సీసాపాలు అప్పటికే అలవాటు చేసింది. పిల్లను ఎత్తుకుని బిల్లులు కొట్టలేదు కనుక ఎవరి దగ్గరో ఉంచాలి. అయితే నా దగ్గర, లేకపోతే లక్సెట్టిపేటలో బిడ్డ అత్త దగ్గర. మా వియ్యపురాలు డైపర్లు వేస్తానంది. నేను వేయనన్నాను. బిడ్డ చాలా రోజులు ఇటూ అటూ ఊగి, చివరకు నా దగ్గరే ఉంచుతానని శుక్రవారం చెప్పింది. ఆదివారానికి పిల్ల పిర్రలు ఎర్రబడ్డాయి. మాట మారింది.

పిల్ల నా దగ్గర ఉండాలని నాకు ఉంది. ఆ మాట నేను పైకి అనలేదు. అడిగితే లోకువైపోతాం. అందుకని గుడ్డల గురించే మాట్లాడాను.

డైపర్లంటే నాకు పగ ఏమీ లేదు. ఒక్కసారి ఉచ్చ పోయించుకుని పారేసే వస్తువును కొనడం నాకు అర్థం కాదు, అంతే. పైగా దాన్ని ఎక్కడ పారేయాలో ఎవరూ చెప్పరు. కాన్పయి వచ్చిన కొత్తలో మా బిడ్డ ఒకటి వాడి, పొట్లం కట్టి పెంటకుప్ప మీద వేసింది. కుక్క దాన్ని నోట కరుచుకుని వాడంతా తిరిగింది. ఎవరింటిదని ఎవరూ అడగలేదు. అప్పుడు వాడలో చంటిపిల్ల ఉన్నది మా ఇంట్లోనే. ఆ తర్వాత నుంచి గుడ్డలే.

పొత్తిగుడ్డ కొత్త బట్టతో చేయరు. కొత్త బట్ట గరుకు. ఏళ్ళ తరబడి కట్టి, ఉతికి, రేపో మాపో చిరుగుతుందనిపించే బట్ట పసిపిల్ల ఒంటికి మంచిది. పురిటి స్నానం కాగానే నేను పెట్టె తెరిచి మా ఆయన ధోతులు చింపాను. ఒకటి ఆయన కడుతున్నదే.

"మరి నేనేం కట్టుకోవాలెనే?" అన్నాడు.

"లుంగీలున్నయ్ గదా. నువ్వు నిండుగ పెద్దమనిషివి, నువ్వు ఓర్సుకో. గా పసిపోరి ఓర్సుకుంటదా?"

ధోతి గుడ్డలు ఒంటికి తగిలేటట్టు లోపల, నా పాత నేతచీరల గుడ్డలు పైన. ఆ చీరలన్నీ ఎర్రవి, ఇటుకరంగువి. మాసినా కనపడవని అప్పట్లో ఆ రంగులే కట్టేదాన్ని. ధోతి గుడ్డలు తొందరగా చినిగిపోయాయి కనుక ఐదో నెలకు వచ్చేసరికి చీర గుడ్డలే ఎక్కువ మిగిలాయి.

వీటిని ఉతకడానికి ఒక పద్ధతి ఉంది. వేడినీళ్ళలో నానబెట్టాలి, కుంకుడుకాయ పులుసుతో ఉతకాలి, బండకేసి బాదకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పిండకూడదు. పొత్తిగుడ్డను మెలితిప్పి పిండితే పిల్లకు కడుపులో మెలిపెడుతుందని మా అత్త చెప్పింది. నిజమో కాదో పరీక్ష చేసి చూడడానికి నాకు ఎవరి పిల్లా దొరకలేదు. కనుక పాటిస్తున్నాను. దీపాలు పెట్టే వేళకు తీగ మీద గుడ్డ ఉండకూడదు. మంచు పడితే, గాలి తగిలితే పిల్లకు చేటు.

పిండని గుడ్డ ఆరడానికి రెండింతల సేపు పడుతుంది. ఎండాకాలంలో ఇది తెలియదు. ముసురు పడితే తెలుస్తుంది.

ఆ వారం ఎండ మొహం చూడలేదు. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్ళు కట్టాను. టీవీ మీద ఒకటి, కుర్చీ వీపుల మీద రెండేసి. నిప్పుల కుంపటి మీద గంప బోర్లించి దాని మీద పరిచాను. మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ గుడ్డల కింద నుంచి తలవంచుకుని లోపలికి నడిచేవారు. చూసేవాళ్ళకు మర్యాదలాగా ఉండేది.

శనివారం కొండగట్టు పోయాం. పనిలో చేరేముందు పిల్లను అంజన్న కాళ్ళ దగ్గర పెట్టి రావాలని బిడ్డ మొక్కుకుంది. దారిలో ఆటో, గుడి దగ్గర వరస, చేతిలో కొబ్బరికాయ. ఆ ఒక్కరోజుకు డైపర్ వేస్తానంటే నేను సరే అన్నాను. దేవుని పని కనుక సరే అన్నాను.

వెళ్ళేముందు మా ఆయనకు రెండు పనులు చెప్పాను. ఒకటి, తడి గుడ్డలు ఎట్లాగైనా ఆరబెట్టాలి. రెండు, మిరపకాయలు పిండి గిర్నికి తీసుకుపోయి కారం పట్టించాలి. మా ఊరి మనిషి ఒకతను మస్కట్ తిరిగి పోతున్నాడు. అల్లునికి మన కారం కావాలట. అక్కడ దొరికేది ఎరుపే తప్ప కారం కాదట. మిరపకాయలు ముసురు పట్టకముందే ఎండబెట్టి డబ్బాలో పోసి ఉంచాను.

ఇంకో సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఒక్క పని కోసం బయటికి పోవడం నేను ఒప్పుకోను. ఉప్పుకు పోయినవాడు పాలకేంద్రం లెక్క కూడా చూసుకుని రావాలి. చేనుకు పోయినవాడు కట్టెలు లేకుండా రాకూడదు. మా ఆయన పెండ్లయిన నాటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాడు. ఒక్కోసారి పాటిస్తాడు.

సాయంత్రం మేం వచ్చేసరికి గుడ్డలన్నీ ఆరి, మడతపెట్టి, గంపలో పేర్చి ఉన్నాయి. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. పక్కన కారం డబ్బా మూత బిగించి ఉంది. నేను ఎప్పుడూ అనని మాట అన్నాను.

"మంచిగ జేసినవ్."

ఆయన తుమ్మాడు. వానలో తడిసి జలుబు చేసిందనుకుని శొంఠి కషాయం కాచి ఇచ్చాను. తాగాడు. మళ్ళీ తుమ్మాడు.

ఆ రాత్రికి ఇంట్లో మిగిలిన ధోతి గుడ్డలు సరిపోయాయి. పొద్దున స్నానం చేయించి, గంపలోంచి పై గుడ్డ తీసి కట్టాను. కాసేపటికి పిల్ల ఏడుపు అందుకుంది. గుడ్డ మార్చాను. ఏడుపు పెరిగింది. అప్పుడే లక్సెట్టిపేట నుంచి వియ్యపురాలి ఫోను. ఏడుపు ఆమెకూ వినపడింది.

"ఎందుకట్ల ఏడుస్తున్నది పోరి?"

"మళ్ళ చేస్త అత్తమ్మా," అని బిడ్డ ఫోను పెట్టేసింది. గుడ్డ విప్పి చూసింది. ఆ తర్వాతే ముందు రాసిన మాటలన్నీ.

మాటలయ్యాక బిడ్డ పిల్లను కడిగి డైపర్ వేసింది. పిల్ల ఏడుపు ఆపలేదు.

"ఇప్పుడేం గట్టినవ్? డైపరే గదా. మరెందుకేడుస్తున్నది?" అన్నాను.

బిడ్డ లేచింది. బ్యాగు తీసి పిల్ల బట్టలు పెట్టడం మొదలుపెట్టింది. ఉన్ని టోపీ పెట్టింది. కాళ్ళ గజ్జెలు పెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. టోపీ నేను అల్లించింది. పెట్టొద్దు అనలేం కదా.

మధ్యాహ్నం దిష్టి తీశాను. ఆదివారం దిష్టికి మంచి రోజు. కారం పట్టించగా మిగిలిన మిరపకాయలు నాలుగు, గుప్పెడు ఉప్పు తీసుకుని పిల్ల చుట్టూ తిప్పాను. ఊరోళ్ళ కన్ను, వాడోళ్ళ కన్ను, కొండ మీద చూసినోళ్ళ కన్ను, ఇంట్లోవాళ్ళ కన్ను అని అందరినీ చేర్చాను. తీసుకుపోయి కుంపట్లో వేశాను. దిష్టి ఉంటే మిరపకాయలు ఎంత కాలినా ఘాటు రాదు. దిష్టి లేకపోతే వస్తుంది.

వచ్చింది. ఇల్లంతా దగ్గాం. అరుగు మీద ఉన్న మా ఆయన వాకిట్లోకి పోయి వానలో నిలబడ్డాడు.

"దిష్టి గూడ లేదు అవ్వా. ఇగ ఏం మిగిలింది?" అంది బిడ్డ దగ్గుకుంటూ.

నిజమే, ఏమీ మిగల్లేదు. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మిరపకాయల పొగకే. తుడుచుకోవడానికి చేతికి అందిన గుడ్డ తీసుకున్నాను. అది గంపలోని పొత్తిగుడ్డ. తుడిచాను. కన్ను భగ్గుమంది. పొగ ఎక్కువైందనుకుని ఇంకా గట్టిగా తుడిచాను. రెండో కన్ను కూడా మండింది. ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. తుమ్మాను. మళ్ళీ వాసన చూశాను. మళ్ళీ తుమ్మాను.

వాకిట్లో మా ఆయన తుమ్ములు ఆగిపోయాయి.

"ఓ అయ్యా, జర ఇటు రా," అని పిలిచాను.

గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"గుడ్డలు ఏడ ఆరేసినవ్?"

"ఆరినయా లేదా? ఆరినయ్ గదా."

"ఏడ అంటున్న."

"వెచ్చగున్న కాడ."

"గీ ముసుర్ల వెచ్చగ ఏడున్నది?"

ఆయన బిడ్డ వైపు చూశాడు. పిల్ల వైపు చూశాడు. పైన కట్టిన తాళ్ళ వైపు చూశాడు.

"గిర్నిల," అన్నాడు.

బిడ్డ బ్యాగు సర్దడం ఆపింది.

అప్పుడు ఒక్కో మాట బయటికి వచ్చింది. ఎట్లాగూ కారానికి పోతున్నాను కదా, రెండు పనులు ఒక్క తిరుగుడులో అవుతాయని ఆయన తడి గుడ్డల గంప నెత్తిన, మిరపకాయల సంచి చేతిలో పట్టుకుని పోయాడు. గిర్నిలో మోటరు వెనక గోడ ఎప్పుడూ వేడిగా ఉంటుంది. అక్కడ తాడు కట్టి గుడ్డలు ఆరేశాడు. ఆ తర్వాత మిరపకాయలు పోయించాడు.

"కారం పట్టేటప్పుడు గిర్నాయన గూడ ఆగలేక బయటికొచ్చిండు. నేను రాలే. గుడ్డలు కిందవడుతయేమోనని ఆడనే నిలబడ్డ," అన్నాడు.

"తీసేటప్పుడు చూడలేదా?"

"దులిపిన. ఎర్రచీరల మీద కారం ఏం కనబడుతది?"

అది నిజమే. తెల్ల ధోతి అయితే కనపడేది.

"బాపూ, నీకు జరంతన్న తెలివున్నదా?" అంది బిడ్డ. "మొగనికి కారం పంపుదామంటే బిడ్డకు గూడ పెట్టినవా?"

"నేను మంచికే..." అని ఆయన ఆగిపోయాడు. పెండ్లయినప్పటి నుంచి నేను చూడని మొహం పెట్టాడు. పిల్ల దగ్గరికి వచ్చి వంగి, ముట్టుకోకుండా చేతులు వెనక్కు పెట్టుకున్నాడు.

"ఎవలన్న చూసిండ్రా నువ్వు ఆరేసేది?" అని అడిగాను.

"గిర్నాయన."

"ఏమన్నడు?"

"ఏమనలే. నవ్విండు."

మిర్చి ఏరబోయినవాళ్ళకు తెలుసు, కారం మంటకు ఉత్త నీళ్ళు పోస్తే దిగదు. నేను పిల్ల డైపర్ విప్పాను. బిడ్డ కొబ్బరినూనె తెచ్చింది. మెత్తగా రాసి, మిగిలిన ధోతి గుడ్డతో అద్ది, మళ్ళీ రాశాం. తర్వాత గోరువెచ్చని నీళ్ళతో సబ్బు పెట్టి కడిగాం. నూనె గిన్నె కావాలంటే చెయ్యి చాపడమే. కాసేపటికి ఏడుపు మూలుగుగా మారింది. ఆ తర్వాత పిల్ల పాలు తాగి పడుకుంది. ఎరుపు సాయంత్రానికి చాలావరకు తగ్గింది.

గుడ్డలన్నీ, కట్టినవీ కట్టనివీ, మళ్ళీ వేడినీళ్ళలో వేశాను. బిడ్డ నా పక్కన కూర్చుని జాడించింది. మా ఆయన బావి నుంచి నీళ్ళు మోశాడు. ఎవరూ చెప్పకుండానే మోశాడు.

బ్యాగు మాత్రం గోడ దగ్గర సర్ది పెట్టినట్టే ఉంది. దాని గురించి నేను అడగలేదు. తప్పు మా ఇంట్లోదే అని తేలాక అడగడానికి నోరు ఎక్కడిది?

దీపాలు పెట్టే వేళకు వియ్యపురాలి ఫోను మళ్ళీ వచ్చింది. బిడ్డ చేతులకు కుంకుడు నురగ ఉంది. ఫోను పీట మీద పెట్టి, అందరికీ వినపడేటట్టు చేసింది.

"ఏమైందట పోరికి? పొద్దటిసంది నాకు మనసన పడతలేదు."

బిడ్డ తల ఎత్తి చూసింది. మా ఆయన నీళ్ళ బిందె దింపి, గోడకున్న క్యాలెండర్ వైపు తిరిగాడు. ఆ నెల పండుగలన్నీ అప్పుడే చదవాల్సి వచ్చినట్టు చదువుతున్నాడు.

"డైపర్ పడలేదు అత్తమ్మా," అంది బిడ్డ. "నిన్న పొద్దంత ఉంచితే ఒరుసుకపోయింది. ఇప్పుడు జర నయం."

"అయ్యో! మరి నేను గవే కొని తెచ్చి పెట్టిన గదనే. పడకుంటే ఎట్ల?"

"అదే చూస్తున్న."

"నాతోని గుడ్డలు ఉతుకుడు గాదు బిడ్డా, ముందే చెప్పిన. నడుము వంగదు నాకు. పడకుంటే ఆడనే ఉంచు మరి. మీ అవ్వకు అలవాటే గదా. నేను వారం పది దినాలకు వచ్చి చూసిపోత. మీ అవ్వ ఉన్నదా ఆడ?"

"ఉన్న వదినా," అన్నాను.

"మంచిగున్నరా? గీ ముసుర్ల గుడ్డలు ఎట్ల ఆరబెడుతున్నవ్ వదినా?"

మా ఆయన క్యాలెండర్‌కు ఇంకా దగ్గరగా జరిగాడు.

"ఆరుతున్నయ్ వదినా," అన్నాను.

"నువ్వు గట్టిదానివి," అని ఆమె ఫోను పెట్టేసింది.

నేను బిడ్డ వైపు చూశాను.

"అట్ల చూడకు," అంది. "నిజం చెప్తే రేపటికల్ల లక్సెట్టిపేట మొత్తం బాపును నవ్వుతది. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు ఆయనను గిర్ని సంగతే అడుగుతరు."

"నేనేమన్న అన్ననా?"

"ఏమనకు."

"ఏమంటలే."

బిడ్డ లేచి, చేతులు తుడుచుకుని, బ్యాగులోంచి పిల్ల టోపీ, గజ్జెలు, చొక్కాలు తీసి మళ్ళీ అల్మారాలో పెట్టింది. తన బట్టలు మాత్రం బ్యాగులో ఉంచింది. నేను గుడ్డలు జాడిస్తూ కూర్చున్నాను. జాడించిన గుడ్డనే మళ్ళీ జాడించాను.

క్యాలెండర్ దగ్గర నుంచి మా ఆయన అన్నాడు:

"ఎల్లుండి అమాస."

ఎవరూ అడగలేదు.

తెల్లవారి కూడా ముసురు వదల్లేదు. బిడ్డను మొదటి బస్సు ఎక్కించడానికి అందరం రోడ్డు దాకా పోయాం. మస్కట్ పోయే మనిషి అక్కడికే వచ్చి కారం డబ్బా తీసుకున్నాడు. బస్సు వచ్చింది. బిడ్డ పిల్లను నా చేతికిచ్చి, దాని బుగ్గ మీద ముద్దు పెట్టి, "శనివారం వస్త," అని ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. పిల్ల గొడుగు వైపు చూస్తోంది.

ఇంటికి వచ్చేసరికి పిల్ల ఒంటి మీదున్న ధోతి గుడ్డ తడిపింది. గుడ్డలన్నీ తాళ్ళ మీద నీళ్ళు కారుతున్నాయి. ఆరినది ఒక్కటి కూడా లేదు. అల్మారా తెరిచి, కొండగట్టుకు తెచ్చినవాటిలో మిగిలిన డైపర్ తీశాను. ఏది ముందుకో ఏది వెనక్కో తెలియక అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను.

"బొమ్మున్నది ముంగటికి," అన్నాడు మా ఆయన.

"నీకెట్ల ఎరుక?" అన్నాను.

ఆయన బర్రెకు గడ్డి వేయడానికి పోయాడు. నేను బొమ్మ ముందుకు పెట్టి కట్టాను. పిల్ల పడుకుంది.